జంతువుకు కార్జం ఒకటే

తాజా కార్జం కత్తికి ఒక పట్టాన లొంగదు. పైన ఉన్న పలుచని పొర జారిపోతుంది, ఆ పొర తెగిందంటే మాత్రం లోపలి ముద్ద గడ్డపెరుగులా విడిపోతుంది. కోసే చెక్క మీద ఊదా కలిసిన ముదురు ఎరుపు మరక మిగులుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ మా కుక్క వంటింటి గుమ్మం దగ్గర నుంచి కదలదు. కోసిన ముక్కను తూకం మీద పెడితే 12 గ్రాములు. బొటనవేలి పై కణుపంత ఉంటుంది. పది కిలోల కుక్కకు ఒక రోజు వాటా అది. మా కుక్క మొహం చూస్తే ఈ పంపకం దానికి ఏమాత్రం నచ్చలేదని తెలుస్తూనే ఉంటుంది.

మొదట్లో నేనూ దాని పక్షమే. కుక్క తోడేలు సంతతి, తోడేలు వేటాడి తింటుంది, కాబట్టి లోపలి అవయవాలు దానికి సహజాహారం అన్న వాదన వినడానికి బాగానే ఉంది. ఒకరోజు గొర్రె కార్జం ఒక గిన్నె నిండా పెట్టాను. రెండు నిమిషాల్లో గిన్నె మెరిసిపోయింది. ఆ రాత్రి మూడుసార్లు తలుపు తీసి దాన్ని బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. మూడోసారికి నల్లగా, తారులా పడింది. ప్రాణానికేమీ కాలేదు కానీ, సహజమైన తిండి అంత అసహజంగా ఎందుకు బయటికొచ్చిందో తెలుసుకోవాలనిపించింది.

తోడేళ్ల సంగతి నిజమే. పెద్ద జంతువును పడగొట్టాక అవి చాలాసార్లు ముందు పొట్ట చీల్చి కార్జం, గుండె, ఊపిరితిత్తులు తింటాయి. తర్వాతే కండ జోలికి వెళతాయి. వేట జంతువు పొట్టలోని గడ్డిని కూడా తింటాయని చాలామంది అనుకుంటారు కానీ అది నిజం కాదు. జీర్ణాశయం గోడను తింటాయి, లోపలున్న పచ్చి గడ్డిని మాత్రం విదిలించి వదిలేస్తాయి. అయితే ఈ విందులో మనం పట్టించుకోని లెక్క ఒకటి ఉంది. వంద కిలోల దుప్పిలో కార్జం రెండు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని పంచుకోవడానికి గుంపులో అయిదారు నోళ్లు ఉంటాయి. మిగిలిందంతా కండ, ఎముక, తోలు, కొవ్వు. ఒక దుప్పికి ఒకటే కార్జం. తోడేలు రోజూ గిన్నెడు కార్జం తినాలంటే రోజూ ఎన్ని దుప్పులు పడాలో ఊహించుకోండి. గిన్నెడు కార్జం దుకాణంలో దొరుకుతుంది, అడవిలో దొరకదు.

పైగా కుక్క పూర్తిగా తోడేలు కూడా కాదు. 2013లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ఈ తేడాను చక్కగా పట్టిచూపింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో మామూలుగా 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పక్కన బతికిన వేల ఏళ్లలో దాని పేగు మన తిండికి అలవాటు పడింది. కాబట్టి తోడేలు భోజనాన్ని అచ్చుగుద్దినట్టు దించడం కన్నా, ఆ భోజనంలోని పాళ్లు ఎందుకలా ఉన్నాయో అర్థం చేసుకోవడం మనకు ఎక్కువ పనికొస్తుంది.

అసలు కార్జంలో ఏముంది? అది విషాలు దాచుకునే సంచి అని భయపడేవాళ్లున్నారు. అది సరికాదు. కాలేయం విషాలను విరిచి బయటికి పంపే కర్మాగారం, వాటికి గోదాము కాదు. అయితే మరికొన్నింటికి అది నిజంగానే గోదాము. విటమిన్ ఏ, బి12, ఫోలేట్, ఇనుము, రాగి అందులోనే పేరుకుంటాయి. జంతువు తన కరువు రోజుల కోసం దాచుకున్న సరుకు అది. దాన్ని తినేవాడికి ఆ నిల్వంతా ఒక్క దెబ్బలో దక్కుతుంది.

ఎంత దక్కుతుందో లెక్క చూద్దాం. పది కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 280 మైక్రోగ్రాముల విటమిన్ ఏ, 1.1 మిల్లీగ్రాముల రాగి చాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006 సిఫార్సులు చెబుతాయి. పశువు కార్జం వంద గ్రాముల్లో విటమిన్ ఏ దాదాపు 5,000 మైక్రోగ్రాములు, రాగి దాదాపు 10 మిల్లీగ్రాములు. అంటే 6 గ్రాముల ముక్కతో ఆ రోజు విటమిన్ ఏ అయిపోయింది. 12 గ్రాములతో రాగి కూడా పూర్తయింది. పచ్చి మాంసం పెట్టేవాళ్లలో ఒక పాత లెక్క చలామణిలో ఉంది: నూటికి 80 పాళ్లు కండ, 10 పాళ్లు ఎముక, 5 పాళ్లు కార్జం, 5 పాళ్లు మిగతా గ్రంథులు. పది కిలోల కుక్క రోజుకు పావు కిలో తింటుందనుకుంటే అందులో 5 పాళ్లు పన్నెండున్నర గ్రాములు. ఇలాంటి గుండుగుత్త లెక్కలంటే నాకు అనుమానం ఎక్కువ. ఇది మాత్రం పుస్తకంలోని అంకెతో వచ్చి అతుక్కోవడం చూసి ఆశ్చర్యపోయాను.

ఇక్కడే ఇంకో మెలిక. కార్జం అన్న మాట ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. పశువులు, గొర్రెలు నెమరువేసే జంతువులు. వాటి కాలేయం రాగిని విపరీతంగా దాస్తుంది. కోడి కార్జం వంద గ్రాముల్లో రాగి అర మిల్లీగ్రామే, అంటే పశువు కార్జంలో ఉన్నదానికి ఇరవయ్యో వంతు. విటమిన్ ఏ మాత్రం అందులోనూ దండిగానే ఉంటుంది. కోడి కార్జంతోనే రాగి సరిపెట్టాలనుకుంటే రోజుకు 200 గ్రాములు దాటాలి, ఈలోగా విటమిన్ ఏ అవసరానికి ఇరవై రెట్లు మించిపోతుంది. వంటకంలో ఒక కార్జం బదులు ఇంకోటి వేస్తే రుచే మారుతుంది. కుక్క గిన్నెలో లెక్కంతా మారిపోతుంది.

విటమిన్ ఏ ఎక్కువైతే విషం. ఈ విషయంలో కుక్క అదృష్టవంతురాలు. మనలో ఈ విటమిన్ రక్తంలో ఒక ప్రత్యేక ప్రొటీన్ భుజానెక్కి, లెక్క ప్రకారం ప్రయాణిస్తుంది. కుక్కలో కొవ్వు రేణువులతో పాటు పెద్ద మొత్తంలో తిరుగుతుంది, మిగిలిన దాంట్లో కొంత మూత్రంలో పోతుంది. అందుకే దానికి సురక్షితమైన గరిష్ఠ పరిమితి అవసరానికి 40 రెట్ల దాకా ఉంది. పిల్లికి ఈ వెసులుబాటు అంతగా లేదు. కార్జమే ఆహారంగా పెరిగిన పిల్లుల్లో మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఒళ్లు నాక్కోవడానికి తల కూడా తిప్పలేని స్థితి వస్తుంది. మనుషుల సంగతికొస్తే, 1912లో అంటార్కిటికాలో తిండి పోగొట్టుకున్న అన్వేషకులు డగ్లస్ మాసన్, జేవియర్ మెర్ట్జ్ తమ స్లెడ్జి కుక్కలను ఒక్కొక్కటిగా చంపి తిన్నారు, కార్జాలతో సహా. చర్మం ఊడిపోతూ, మతి తప్పుతూ మెర్ట్జ్ 1913 జనవరి 8న చనిపోయాడు. కారణం విటమిన్ ఏ విషమే కావచ్చని 1969లో ఇద్దరు పరిశోధకులు సూచించారు. ఆ వాదనను ఒప్పుకోనివారూ ఉన్నారు. కుక్క కార్జంలో ఆ విటమిన్ మనిషిని పడగొట్టేంత పేరుకుంటుందన్నది మాత్రం నిజం.

కుక్కకూ కార్జానికీ ఉన్న బంధం విటమిన్ల చరిత్రలో అడుగడుగునా కనిపిస్తుంది. 1920లలో జార్జ్ విపుల్ అనే అమెరికా వైద్యుడు కుక్కల రక్తం తీసి వాటిని రక్తహీనతలోకి నెట్టి, ఏ తిండితో త్వరగా కోలుకుంటాయో చూశాడు. అన్నిటికన్నా కార్జమే గెలిచింది. అది చూసి జార్జ్ మైనట్, విలియం మర్ఫీ అప్పట్లో ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనత రోగులకు రోజూ కార్జం తినిపించారు. 1926లో ఫలితాలు ప్రకటించారు. చావు అంచున ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారు. ముగ్గురికీ 1934లో నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, కుక్కలను బాగుచేసింది కార్జంలోని ఇనుము, రోగులను బాగుచేసింది 1948లో గానీ విడిగా దొరకని బి12. జబ్బులు వేరు, మందులు వేరు, అవి దొరికిన గోదాము ఒకటే. 1937లో కాన్రాడ్ ఎల్వెయెమ్ బృందం కార్జం నుంచే నికోటినిక్ ఆమ్లం అనే బి విటమిన్ తీసి, నాలుక నల్లబడే జబ్బుతో ఉన్న కుక్కలను బతికించింది. మనుషుల్లో ఆ విటమిన్ లోటుతో వచ్చే పెల్లాగ్రా జబ్బుకు మందు అలా దొరికింది. ఆ కుక్కలకు ఎవరూ బహుమతి ఇవ్వలేదు.

మిగతా అవయవాల గురించి చెప్పాల్సింది తక్కువే. గుండె, కందనకాయ పేరుకే అవయవాలు. నిజానికి అవి కష్టపడి పనిచేసే కండరాలు, మాంసం లెక్కలోనే వేయవచ్చు. గుండెలో టారిన్ అనే పోషకం ఎక్కువ. కుక్కలు దాన్ని సొంతంగా తయారుచేసుకోగలవు కానీ, గోల్డెన్ రిట్రీవర్ వంటి కొన్ని జాతుల్లో లోటు వచ్చి గుండె కండరం బలహీనపడ్డ సందర్భాలున్నాయి. మూత్రపిండంలో సెలీనియం, బి విటమిన్లు బాగుంటాయి, ముసలి జంతువుదైతే కాడ్మియమ్ అనే విషలోహం కూడా పేరుకుని ఉంటుంది. ఊపిరితిత్తుల్లో కొవ్వు తక్కువ కాబట్టి ఎండబెట్టి చిరుతిండిగా ఇవ్వడానికి బాగుంటాయి. బోటికి అద్భుత శక్తులున్నాయని ప్రచారం చేసేవాళ్లను నేను పెద్దగా నమ్మను. కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి, అంతవరకు నిజం.

క్లోమం మాత్రం వేరే కథ. కొన్ని కుక్కల్లో క్లోమం జీర్ణరసాలు ఇవ్వడం మానేస్తుంది. ఎంత తిన్నా అరగక, ఎముకల గూడులా చిక్కిపోతాయి. వాటికి పశువైద్యులు ఎంజైముల పొడి ఇస్తారు, లేదంటే తరిగిన పచ్చి క్లోమాన్ని తిండిలో కలపమంటారు. అది పచ్చిగానే ఉండాలి, ఉడికిస్తే ఎంజైములు చచ్చిపోతాయి. పోయిన అవయవం పనిని ఇంకో జంతువు అవయవం గిన్నెలోంచే చేసి పెడుతుంది.

అవయవం పని గిన్నెలోంచి సాగడం ప్రమాదం కూడా కావచ్చు. 2012లో జర్మనీ పశువైద్యులు 12 కుక్కల సంగతి ప్రచురించారు. వాటిలో సగానికి బక్కచిక్కడం, రొప్పడం, నిలకడలేని తనం, కోపం. అన్నిటి రక్తంలోనూ థైరాయిడ్ హార్మోను మితిమీరి ఉంది. కుక్కల్లో ఇది అరుదు, కనబడితే సాధారణంగా కణితిని అనుమానిస్తారు. వీటికి పచ్చి మాంసమో ఎండబెట్టిన గొంతు ముక్కలో పెడుతున్నారని తేలింది. గొంతు భాగం కోసేటప్పుడు దాన్ని అంటిపెట్టుకుని ఉండే థైరాయిడ్ గ్రంథి కూడా వచ్చేస్తుంది. తిండి మార్చాక, మళ్లీ పరీక్షించిన కుక్కల్లో హార్మోను మామూలు స్థాయికి దిగింది. గొంతు ముక్కలు కొనేటప్పుడు అందుకే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

కార్జం ఎంత గొప్పదైనా దానిలో దాదాపు లేని సరుకు కాల్షియం. పశువు కార్జం వంద గ్రాముల్లో భాస్వరం 387 మిల్లీగ్రాములుంటే కాల్షియం 5. కుక్కకు కాల్షియం భాస్వరంతో సమానంగా గానీ, కొంచెం ఎక్కువగా గానీ కావాలి. ఎముక లేకుండా మాంసం, కార్జం మాత్రమే తినిపిస్తే శరీరం సొంత ఎముకలను కరిగించుకుంటుంది. పెరిగే కూనల్లో కాళ్లు వంగిపోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. తోడేలు ఎముకలు నమిలేది ఏమీ తోచక కాదు.

కొన్ని కుక్కలకు ఈ 12 గ్రాములు కూడా ఎక్కువే. బెడ్లింగ్టన్ టెరియర్లలో రాగిని బయటికి పంపే ఏర్పాటులో వారసత్వ లోపం ఉంటుంది, లాబ్రడార్లలోనూ కొన్నిటికి రాగి కాలేయంలో పేరుకుపోయే గుణం ఉంది. డాల్మేషియన్లది ఇంకో బాధ. మిగతా కుక్కలు యూరిక్ ఆమ్లాన్ని తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చుకుంటే, ఇవి మార్చుకోలేక మూత్రంలో రాళ్లు తెచ్చుకుంటాయి. కార్జం, మూత్రపిండం ఆ ఆమ్లానికి ముడిసరుకు. వీటి విషయంలో పశువైద్యుణ్ని అడగకుండా ఏదీ పెట్టకూడదు.

ఇక పచ్చిగానా, వండా? ఐస్‌లాండ్ ఒకప్పుడు ఈ ప్రశ్నకు చాలా ఖరీదు చెల్లించింది. అక్కడ గొర్రెను కోస్తే కార్జంలో నీటిబుడగల్లాంటి తిత్తులు కనిపించేవి. వాటిని కుక్కలకు పడేసేవారు. ఆ తిత్తుల్లో ఉండేది కొన్ని మిల్లీమీటర్లే ఉండే ఒక బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో అవి పెరిగి పెద్దవవుతాయి, గుడ్లు మలంతో బయటికొచ్చి గడ్డి మీద పడి మళ్లీ గొర్రెకు చేరతాయి. కుక్కను నిమిరిన మనిషి చేతికీ అంటుకుంటాయి, ఆ మనిషి కాలేయంలోనూ అవే తిత్తులు లేస్తాయి. 1863లో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ వైద్యుడు అక్కడి కుక్కలను కోసి చూస్తే నాలుగో వంతుకు పైగా పురుగు ఉంది. ఆయన సలహా చాలా మామూలుది: తిత్తులున్న అవయవాలను కుక్కకు అందకుండా చేయండి. ఆ దారిలోనే ఐస్‌లాండ్ ఈ జబ్బును తుడిచిపెట్టింది. న్యూజిలాండ్ కూడా అదే పని చేసి, 2002లో తాత్కాలికంగా విముక్తి పొందినట్టు ప్రకటించుకుంది. అప్పటి అక్కడి నియమం ప్రకారం గొర్రె, మేక అవయవాలను కుక్కకు పెట్టే ముందు 30 నిమిషాలు ఉడకబెట్టాల్సి ఉండేది, లేదంటే మైనస్ 10 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ కనీసం 10 రోజులు ఉంచాల్సి ఉండేది. చలి పురుగును చంపుతుంది కానీ సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాను చంపదు. అందుకే నేను ఉడకబెట్టడం వైపే మొగ్గుతాను. నిప్పు తగిలితే సహజత్వం పోతుందనేవారి బాధ నాకు బోధపడదు. విటమిన్ ఏ, రాగి, ఇనుము ఉడికినా చాలావరకు అక్కడే ఉంటాయి. బి విటమిన్లలో కొంత నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లను కూడా గిన్నెలోనే పోస్తే సరి.

మా ఇంట్లో ఇప్పుడు వారానికి ఒకసారి ఈ వంట. ఉడికిన కార్జాన్ని చల్లార్చి, ముక్కలు కోసి, ఒక్కొక్కటి తూచి ఐసు ట్రే గడుల్లో పెడతాను. మా కుక్క ఫ్రిజ్ తలుపు చప్పుడునూ, ఆ ట్రే విరిచిన చప్పుడునూ వేరుగా గుర్తుపడుతుంది. మొదటిదానికి చెవి ఒకటే లేస్తుంది.