సమాజశాస్త్రం తీసుకున్న మా పిల్లలకు

హనుమకొండ

చిరంజీవులకు ఆశీస్సులు.

కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలో చేరి, ఇద్దరూ సమాజశాస్త్రం తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. రేపు గ్రూప్స్‌కు పనికొస్తుందన్న ఆలోచన కూడా ఉండే ఉంటుంది. అందులో తప్పు లేదు గానీ, బిట్ బ్యాంకు పట్టుకుని నిర్వచనాలు వల్లెవేయడంతోనే మొదటి సెమిస్టరు గడిపేస్తే మార్కులు వస్తాయేమో, శాస్త్రం మాత్రం రాదు.

అమెరికా సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ఒక తేడాతో మొదలుపెట్టండి. లక్ష జనాభా ఉన్న నగరంలో ఒక్కరికే పని లేకపోతే అది ఆ మనిషి ఇబ్బంది. ఐదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఆ కారణం మనుషుల గుణాల్లో దొరకదు. జగిత్యాల వైపు ఒక ఇంటి కొడుకు అప్పుచేసి ఏజెంటుకు కట్టి దుబాయి పోతే అతని అదృష్టం గురించి మాట్లాడుకుంటాం. వాడకట్టంతా మగవాళ్లు గల్ఫ్‌లో ఉండి, ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నప్పుడు మాత్రం వానను నమ్ముకున్న సేద్యం, ముందు వెళ్లిన బంధువులు చూపిన దారి, వడ్డీ, బీడీ కూలి, అన్నీ కలిపి చూడవలసి వస్తుంది.

వర్గం గురించి చదివేటప్పుడు సిరిసిల్లను దగ్గర పెట్టుకోండి. అక్కడ నూలు తెచ్చి బట్ట అమ్ముకునే యజమాని ఒకరు. సొంత షెడ్డులో కొన్ని సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, యజమాని ఇచ్చిన నూలును మీటరుకింత అని నేయించి ఇచ్చే ఆసామి ఇంకొకరు. ఆ సాంచాల మీద షిఫ్టు చేసే కార్మికుడు మరొకరు. ఆసామికి ఉత్పత్తి సాధనం సొంతం, కూలి ఇచ్చేదీ అతనే. అయినా నూలు అతనిది కాదు, బట్ట అతనిది కాదు, ధర అతని చేతిలో లేదు, తీరిక లేని రోజుల్లో తనే సాంచాల ముందు నిలబడతాడు. మార్క్స్ చెప్పిన పెట్టుబడిదారుల్లో చేర్చాలా, కార్మికుల్లో చేర్చాలా? పైగా ఈ మూడు అంతస్తుల్లోనూ ఎక్కువమంది పద్మశాలీలే. పెళ్లిలో ఒకే బంతిలో కూర్చునేవాళ్లు కూలి లెక్కల దగ్గర ఎదురెదురుగా నిలబడే ఈ స్థితిని అర్థం చేసుకోవాలంటే, వర్గమూ సామాజిక హోదా ఒకటి కావన్న జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ మాట అక్కరకొస్తుంది. కులమే వర్గం అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లను నేను నమ్మను.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్య మీద రాసిన పుస్తకం కాస్త బరువైనది, వయసుకు మించినదని భయపడకండి. మనిషి ఒంటరిగా తీసుకునే నిర్ణయమని అందరూ అనుకునే ఆత్మహత్యకు కూడా ఒక్కో సమాజంలో ఒక్కో రేటు ఉంటుందని, మతం, కుటుంబం వంటి బంధాలను బట్టి అది మారుతుందని ఆయన 1897లో చూపాడు. 1997-98లో మన వరంగల్ పత్తి రైతుల మరణాలను ఆ కంటితో చదివితే, మనిషి గుండెధైర్యం పక్కకు పోయి, పత్తికి మళ్లిన చిన్న కమతాలూ, కౌలూ, పురుగుమందుల దుకాణంలోనే పుట్టిన అప్పూ ముందుకొస్తాయి. ఆత్మహత్యలను రకాలుగా ఆయన చేసిన విభజనలో మన రైతు ఏ గడిలోనూ సరిగా ఇమడడు. పరీక్షలో ఆ మాట కారణాలతో రాయండి. గైడులో ఉండదు గానీ మంచి జవాబు అదే.

మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట ఊరి మీద రాసిన పుస్తకం 1955లో వచ్చింది. అది చదివి, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న ఇప్పటి శామీర్‌పేటను చూస్తే, సమకాలీన సమాజం అన్న పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

దసరా సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు వెళ్దాం. ముందుగా అనుమతి అడగండి; ఎవరి పేరూ రాసుకోవద్దు. కూలి ఎంతో అడిగే ముందు నూలు ఎవరిదో అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని తెస్తే, సిద్ధాంతాల సంగతి ఇంటికొచ్చాక ముగ్గురం కూర్చుని చూద్దాం.

మీ తాత