అర కిలో సలాడ్, ఒక్క అరటిపండు

ఓ ఆదివారం వంటింటి తూకం ముందు పెట్టుకుని సలాడ్ కలిపాను. కీరదోస 150 గ్రాములు, టమాటా 150, క్యారెట్ తురుము 100, లెట్యూస్ ఆకులు 100. పెద్ద గిన్నె నిండి, ఆకులు అంచు దాటి బయటికి వేలాడాయి. నూనె చుక్క వేయలేదు, నిమ్మరసం మాత్రం పిండాను. తినడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. చివరికొచ్చేసరికి దవడలు లాగాయి, పొట్ట బిర్రుగా అయింది. అప్పుడు కాగితం తీసి లెక్కేశాను: కీరదోసకి 22, టమాటాకి 27, క్యారెట్‌కి 41, ఆకులకి 15. మొత్తం 105 కేలరీలు. మధ్యరకం అరటిపండు ఒక్కటి తిన్నా అంతే వస్తుంది. దానికి రెండు నిమిషాలు చాలు.

వండకుండా అన్నీ పచ్చిగానే తింటామనేవాళ్లని చుట్టూ ఉన్నవాళ్లు ముందుగా అడిగేది ప్రొటీన్ గురించి. ఆ తర్వాత విటమిన్ బి12 గురించి. అవి అడగాల్సినవే. ముఖ్యంగా బి12 మొక్కల్లో దొరకదు కాబట్టి పాలూ గుడ్లూ కూడా మానేసినవాళ్లు మాత్ర వేసుకోక తప్పదు. కానీ రోజుకి సరిపడా శక్తి అసలు లోపలికి పోతోందా అని మాత్రం ఎవరూ అడగరు. అంత పెద్ద గిన్నె ఖాళీ చేస్తుంటే తక్కువేముంటుంది అనుకుంటారు. తినేవాళ్లూ అలాగే అనుకుంటారు, చిక్కంతా అక్కడే.

కీరదోసలో 95 శాతం నీళ్లే. మనిషికి రోజుకి 2000 కేలరీలు కావాలనుకుంటే, వట్టి కీరదోసతో అది రావడానికి 13 కిలోలు నమలాలి. ఆపిల్ పళ్లయితే 21 పళ్లు. అరటిపళ్లయితే 19 పళ్లు. బాదం పప్పయితే కాగితం మీద 350 గ్రాములు చాలు. కొవ్వు గ్రాముకి 9 కేలరీలిస్తుంది, పిండిపదార్థమూ ప్రొటీనూ 4 చొప్పున ఇస్తాయి, నీళ్లు ఏమీ ఇవ్వవు. పొట్టకి ఈ తేడా తెలియదు, దానికి తెలిసింది ఎంత సాగానన్నదే ఎక్కువ. పైగా పొయ్యి ఆర్పేసిన మరుక్షణం పళ్లెంలోంచి జారిపోయేవి ధాన్యాలు, పప్పులు, దుంపలు. ప్రపంచంలో ఎక్కువమంది శక్తి తెచ్చుకునేది వాటినుంచే.

జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా తినేవాళ్లని 513 మందిని పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. సగటున మూడున్నరేళ్లు దాటి ఆ పద్ధతిలో ఉన్నవాళ్లు వాళ్లంతా. మొదలుపెట్టినప్పటితో పోలిస్తే ఆడవాళ్లు సగటున 12 కిలోలు, మగవాళ్లు 10 కిలోల దాకా తగ్గారు. ఆడవాళ్లలో నాలుగో వంతు మంది ఉండాల్సిన బరువు కంటే తక్కువలో ఉన్నారు. 45 ఏళ్లలోపు ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మందికి నెలసరి సక్రమంగా రావడం లేదు, లేదా పూర్తిగా ఆగిపోయింది. పచ్చివి ఎంత ఎక్కువగా తింటే బరువు అంత తక్కువగా కనిపించింది. వీళ్లెవరూ పస్తులున్నవాళ్లు కాదు. ఇష్టపడి, ఏం తింటున్నామో ఆలోచించుకుని తిన్నవాళ్లు.

అంటే నీళ్ల లెక్క ఒక్కటే కాదు. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది కూడా తగ్గుతుంది.

బాదం పప్పునే తీసుకోండి. ఒకటి నోట్లో వేసుకుని మీకు అలవాటైనన్ని సార్లు నమిలి, మింగకుండా అరచేతిలోకి ఉమ్మి చూడండి (చూడ్డానికి బాగోదు, ఒంటరిగా ఉన్నప్పుడు చేయండి). రవ్వంత రవ్వంత ముక్కలు కనిపిస్తాయి. మనకి మెత్తగా నలిగినట్టే ఉంటుంది. కానీ ఆ ఒక్కో రవ్వలో వందలకొద్దీ కణాలుంటాయి. ప్రతి కణం చుట్టూ పీచుతో కట్టిన గోడ, లోపల నూనె బొట్లు. పంటి కింద పగిలేవి రవ్వ అంచుమీదున్న కణాలే. లోపలి గోడల్ని కరిగించే ఎంజైమ్ మన దగ్గర లేదు. ఆ నూనె అలాగే బయటికి పోతుంది. పచ్చి బాదం గింజ మొత్తంగా తింటే లేబుల్ మీది కేలరీల్లో పావు వంతు దాకా ఒంటికి అందడం లేదని మనుషుల మీద చేసిన కొలతల్లో తేలింది. వేయించి తింటే ఆ నష్టం కొంత తగ్గింది. మెత్తటి ముద్దగా రుబ్బితే దాదాపు లేకుండా పోయింది. వాల్‌నట్‌కి కూడా ఇదే కథ, అక్కడ తగ్గుదల 21 శాతం.

పిండిపదార్థం సంగతి ఇంకోలా ఉంటుంది. పచ్చి బంగాళదుంపలో అది చిన్న చిన్న రేణువులుగా బిగుసుకుని ఉంటుంది. నీళ్లలో 60, 70 డిగ్రీల వేడికి రేణువు ఉబ్బి విచ్చుకుంటుంది, అప్పుడు గానీ మన ఎంజైములకి లోపలికి దారి దొరకదు. వేడి తగలని పిండిలో చాలా భాగం చిన్నపేగు దాటి పెద్దపేగులో బ్యాక్టీరియాకి పోతుంది. అవి తిని మనకి వదిలేది సుమారు సగం. పచ్చి అరటికాయ తినలేం కానీ పండు హాయిగా తింటాం కదా, ఎందుకంటే ముగ్గేటప్పుడు ఆ పిండి చక్కెరగా మారుతుంది. ఆ వంట చెట్టే చేసి పెడుతుందన్నమాట. గుడ్డులోనూ అంతే. ఉడికిన గుడ్డులోని ప్రొటీన్‌లో 91 శాతం చిన్నపేగులో అరిగితే, పచ్చిగుడ్డులో 51 శాతమే అరిగిందని 1998లో కొలిచారు. అయినా పచ్చిగుడ్డే బలమనే నమ్మకం చావలేదు.

సుమారు 48 డిగ్రీలు దాటితే ఆహారంలోని ఎంజైములు చచ్చిపోతాయని, అవి లేకే అరగడం లేదని ఈ పద్ధతివాళ్లు చెబుతుంటారు. ఎంజైమ్ కూడా ప్రొటీనే. పొట్టలోని ఆమ్లం దాన్ని మిగతా ప్రొటీన్ల లాగే విరగ్గొడుతుంది. మన తిండిని అరిగించే ఎంజైములు మన ఒళ్లే తయారుచేసుకుంటుంది. నాకైతే ఆ వాదనలో పస కనిపించదు.

చింపాంజీ రోజులో ఆరు గంటలు నమలడానికే పెడుతుంది. మనకి గంట కూడా పట్టదు. దాని పేగుల్లో సగానికి పైగా పెద్దపేగే, ఆకులూ పీచూ పులియబెట్టుకునే తొట్టి అది. మన పేగుల్లో పెద్దపేగు అయిదో వంతే. తలలో మాత్రం, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు తినేసే మెదడుంది. పచ్చి తిండితోనే ఈ మెదడుని మోయాలంటే రోజుకి తొమ్మిది గంటలకి పైగా తింటూ ఉండాలని 2012లో ఇద్దరు బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది అడవిలో దొరికే తిండి లెక్క. ఈ కాలంలో తియ్యగా పెంచిన పళ్లూ, గానుగాడిన నూనే, మిక్సీ ఉన్నాయి కాబట్టే పచ్చి తిండితో నడిపించడం సాధ్యమవుతోంది.

అలా నడిపించేవాళ్లు చేసేది కూడా అదే. సలాడ్‌ని పక్కవాయిద్యంగా పెట్టుకుని, పళ్లూ ఎండు పళ్లూ నట్సూ అసలు భోజనం చేసుకుంటారు. నట్స్ రుబ్బుకుంటారు. సలాడ్‌లో నూనె వేస్తారు, పెద్ద చెంచాడుకి 119 కేలరీలు. మొలకల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. పెసర మొలకల్లో 90 శాతం నీళ్లే, 100 గ్రాములకి 30 కేలరీలు. ఇక రాజ్మా గింజలు నానబెట్టినా మొలకెత్తించినా పచ్చిగా తినకూడదు, కొద్ది గింజలకే వాంతులు పట్టుకుంటాయి. వాటిలోని విషం గట్టిగా ఉడికితేనే పోతుంది. ఆకలిని నమ్ముకోకుండా వారానికోసారి బరువు చూసుకోవాలి. తగ్గాలనుకోకుండానే నెలనెలా తగ్గుతున్నా, నెలసరి తప్పినా, తిండి చాలడం లేదనే అనుమానించి డాక్టర్‌కి చూపించుకోవాలి. అప్పుడు పెంచాల్సింది ఆకులు కాదు.

ఒక రోజుకి నేనూ లెక్క కట్టి చూశాను. అరటిపళ్లు ఎనిమిది, 840. ఖర్జూరాలు 100 గ్రాములు, 277. వాల్‌నట్స్ 60 గ్రాములు, 392. అవకాడో గుజ్జు 150 గ్రాములు, 240. ఆలివ్ నూనె ఒక పెద్ద చెంచా, 119. మొదట చెప్పిన ఆ అర కిలో సలాడ్, 105. మొత్తం 1973 కేలరీలు, బరువు 1770 గ్రాముల దాకా. బాగానే వచ్చిందనుకుని, వాల్‌నట్ల మీద ఆ 21 శాతం కొట్టేశాను. 82 పోయాయి. 2000కి 109 తక్కువ పడింది. తొమ్మిదో అరటిపండు తీశాను.