ఫాతిమా అనే పేరున్న పాపకు, ఆ పాప పక్కన కూర్చునే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

పోయిన వారం మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే పాప ఒకతి ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది. "జేజీ, నా పేరుకు అర్థమేందో చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆ పాప పేరు ఫాతిమా. ఫోన్‌లో ఒకచోట "ఆకట్టుకునేది" అని ఉంది, ఇంకోచోట "చనుపాలు మాన్పించే ఆమె" అని ఉంది. ఆ రెండోదాన్ని క్లాసులో ఎవరో గట్టిగా చదివారట, అందరూ నవ్వారట. "మొదటిదే నిజమని చెప్పు జేజీ" అని కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది.

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండోదే నిజం. ఆ సాయంత్రం ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పానో అదే మీకూ రాస్తున్నాను.

అరబ్బీలో చాలా మాటలు మూడు హల్లుల మీద నిలబడతాయి. క-త-బ అంటే రాయడం. రాసింది కితాబ్, రాసేవాడు కాతిబ్. కితాబ్ అంటే పుస్తకమని మీలో చాలామందికి తెలుసు. అలాగే ఫ-త-మ అంటే బిడ్డకు పాలు మాన్పించడం. పాలు మానిన బిడ్డ ఫతీమ్. రాసేవాడు కాతిబ్ అయినట్టే, పాలు మాన్పించే ఆమె ఫాతిమా. ఇందులోని 'త' మనం పలికే 'త' కాదు, నాలుక వెనక భాగాన్ని కూడా పైకి లేపి కాస్త బరువుగా పలకాలి. ఉర్దూ బడిలో ఆ అక్షరాన్ని 'తోయ్' అంటారు. మన ఊళ్లల్లో ఆ బరువూ ఉండదు, ముందున్న 'ఫ' కూడా ఉండదు, 'పాతిమా' అనే పిలుస్తారు. పిలుపులో ప్రేమ ఉంటే నాకు అదీ బాగానే వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాలు మాన్పించడం నేను దగ్గరుండి చూశాను. మా చిన్న తమ్ముడికి రెండేళ్లు నిండాయి. అమ్మ లేత వేపాకు కోసుకొచ్చి రోట్లో మెత్తగా నూరి, ఆ ముద్ద రొమ్ముకు రాసుకుంది. వాడు ఎప్పటిలాగే ఒళ్లోకి ఎక్కాడు, నోరు పెట్టాడు, వెంటనే తీసేశాడు. ఏడవలేదు. నువ్వేనా ఇట్లా చేసింది అన్నట్టు అమ్మ మొహంలోకి చూశాడు. ఏడుపు రాత్రికి మొదలైంది. అమ్మ వాడిని భుజాన వేసుకుని వాకిట్లో తిరిగింది, అన్నంలో బెల్లం వేసి మెత్తగా పిసికి వేలితో కొంచెం కొంచెంగా నోట్లో పెట్టింది. మూడో రాత్రికి వాడు ఏడుపు మాని నిద్రపోయాడు. అమ్మకే నిద్ర పట్టలేదు.

మా అమ్మ పేరు కూడా ఫాతిమాబీనే. కన్నది ఆరుగురిని. పాలు మాన్పించింది నలుగురికి. మిగతా ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పాలు మాన్పించడమంటే బిడ్డను దూరం పెట్టడం అనుకుని మీ క్లాసులో నవ్వి ఉంటారు. కాదు నాయనా. బిడ్డ రెండేళ్లు బతికింది, జ్వరాలూ విరేచనాలూ దాటింది, ఇక తన పళ్లతో తాను నమిలి తింటుంది అంటేనే తల్లి పాలు మాన్పిస్తుంది. ఖురాన్ రెండో సూరాలో, అంటే రెండో అధ్యాయంలో కూడా పూర్తిగా పాలివ్వదలచిన తల్లులకు రెండేళ్ల గడువు చెప్పారు. టీకాలు, ఆసుపత్రులు లేని రోజుల్లో ఎడారిలో పుట్టిన ఆడపిల్లకు ఫాతిమా అని పేరు పెట్టారంటే, నువ్వు బతకాలి, తల్లివి కావాలి, నీ బిడ్డ కూడా గండం గడిచి అన్నం ముద్ద అందుకోవాలి అని దీవించినట్టే. నాకు ఆ పేరు అట్లాగే వినిపిస్తుంది. మత పెద్దలు ఇంకో అర్థం కూడా చెప్తారు. పాలు మాన్పించడమంటే ఒకదాని నుంచి వేరు చేయడమే కాబట్టి, నరకాగ్ని నుంచి దూరం చేయబడినది అని. "ఆకట్టుకునేది" అనే మాట మాత్రం ఆ మూడు అక్షరాల్లో ఎక్కడా లేదు.

ఈ పేరు ఇంతగా పాకింది ముహమ్మద్ ప్రవక్త (స) చిన్న కూతురు హజ్రత్ ఫాతిమా వల్ల. అయితే పేరు ఆమెతో పుట్టలేదు. ప్రవక్త నాయనమ్మ పేరు ఫాతిమా, హజ్రత్ ఫాతిమా భర్త హజ్రత్ అలీ తల్లి పేరూ ఫాతిమానే. ఒకసారి ప్రవక్తకు ఎవరో పట్టుబట్ట కానుకగా ఇస్తే, దాన్ని అలీ చేతికిచ్చి "ఫాతిమాలకు ముసుగులుగా పంచు" అన్నారని హదీసులో, అంటే ప్రవక్త మాటలూ పనులూ చెప్పే ఉల్లేఖనంలో ఉంది. నేను బడిలో హాజరు పిలిచిన రోజుల్లో ఒకే క్లాసులో ముగ్గురు ఫాతిమాలు ఉండేవారు. పేరు పిలిస్తే ముగ్గురూ "ప్రెజెంట్ టీచర్" అనేవారు. ఈ హదీసు చదివిన రోజు నాకు వాళ్లే గుర్తొచ్చారు.

హజ్రత్ ఫాతిమా బతుకులో రెండు సంగతులు మీరు తెలుసుకోవాలి. మక్కాలో ప్రవక్త కాబా దగ్గర నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగా, గిట్టనివాళ్లు ఒంటె పేగులు తెచ్చి ఆయన వీపు మీద వేశారు. చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఫాతిమా పరుగున వచ్చి ఆ మురికిని తన చేతులతో తీసేసింది, నవ్విన పెద్దవాళ్లను నిలబడి తిట్టింది. ఆమెను "తండ్రికి తల్లి" అని కూడా పిలుస్తారు. రెండోది మదీనాలో జరిగింది. ఇంట్లో తిరగలి తిప్పీ తిప్పీ ఆమె చేతులు కాయలు కాశాయి. పనికి ఒక మనిషిని ఇవ్వమని తండ్రిని అడగడానికి వెళ్లింది. పనిమనిషికి బదులు ఆయన, పడుకునే ముందు 33 సార్లు సుబ్ హానల్లా, 33 సార్లు అల్ హందులిల్లా, 34 సార్లు అల్లాహు అక్బర్ అని అల్లాను తలుచుకోమని చెప్పారు. మా అమ్మ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ అదే చదువుకునేది. తిరగలి తిప్పిన చేతులే ఆవిడవీనూ. 632లో ప్రవక్త కన్నుమూశాక కొన్ని నెలలకే హజ్రత్ ఫాతిమా కూడా వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆ పేరు ప్రయాణం మొదలైంది. ఆమె సంతతి వాళ్లమని చెప్పుకున్న ఫాతిమీ వంశం 969లో కైరో నగరానికి పునాది వేసింది. తుర్కియేలో ఈ పేరు ఫత్మా అయింది, అక్కడ ఆడవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న పేర్లలో అదొకటి. సెనెగల్, మాలి వైపు ఫాతూ, ఫాతుమాతా అంటారు. సోమాలియాలో ఫాదుమో. పక్కన కేరళలో పాత్తుమ్మ. ఆ కేరళ నుంచే వచ్చిన ఫాతిమా బీవీ 1989లో మన సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు.

ఈ పేరు ముస్లింలదే అనుకుంటారేమో. పోర్చుగల్‌ను ముస్లింలు కొన్ని వందల ఏళ్లు ఏలారు. వాళ్లు పోయినా ఒక ఊరికి ఫాతిమా అనే పేరు మిగిలింది. 1917 మే 13న ఆ ఊరి దగ్గర గొర్రెలు కాసుకుంటున్న ముగ్గురు పిల్లలు తమకు మరియమ్మ కనిపించిందని చెప్పారు. అప్పట్నుంచి మరియమ్మకు 'ఫాతిమా మాత' అనే పేరు వచ్చింది. మన వరంగల్ దగ్గర కాజీపేటలో ఫాతిమా మాత పేరుతో పెద్ద చర్చి ఉంది, ఆ ప్రాంతాన్నే ఫాతిమానగర్ అంటారు. ప్రవక్త కూతురి పేరు పోర్చుగల్ మీదుగా తిరిగి కాజీపేటలో మరియమ్మ దగ్గరికి చేరింది. నేను అక్కడ బస్సు దిగి ఆ బోర్డు చదివిన ప్రతిసారీ ఒక నిమిషం నిలబడిపోతాను.

హైదరాబాదు పిల్లలకు బీబీ కా ఆలం అనే పవిత్రమైన పీరు తెలిసే ఉంటుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద ఊరేగిస్తారు. ఆ 'బీబీ' హజ్రత్ ఫాతిమానే. ఆమెకు చివరి స్నానం చేయించిన చెక్క పలక ముక్క ఆ ఆలంలో ఉందని నమ్మకం. మన పల్లెల్లో పీర్ల పండగకు మొక్కుకునే హసన్, హుసేన్ ఆమె కొడుకులే. అయిదు వేళ్ల పంజా పీరు ఉంటుంది చూడండి, ఆ వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్ అనే అయిదుగురికి గుర్తు. పీర్ల ముందు కుల మతాలు చూడకుండా ఊరంతా ఎగురుతారు, ఆ పిల్లల తల్లి పేరు మాత్రం ఎవరూ తలుచుకోరు. ఈసారి పీర్ల చావిడి దగ్గరికి వెళ్తే తలుచుకోండి.

ఇంకొకరి గురించి చెప్పకపోతే మా జిల్లా నన్ను ఊరుకోదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర కాల్వ అనే ఊరికి ఫాతిమాబీ సర్పంచిగా చేశారు. ఊరి ఆడవాళ్లను పొదుపు సంఘాలుగా కూడగట్టారు. 1998లో ఐక్యరాజ్యసమితి వాళ్లు పేదరికం మీద పోరాటానికి ఇచ్చే అవార్డు ఆవిడకు ఇచ్చారు. అప్పుడు మా అమ్మ ఇంకా ఉంది. పేపర్లో ఆ వార్త నేను చదివి వినిపిస్తే, "నా పేరేనా? నా పేరేనా?" అని రెండుసార్లు అడిగింది. మా అమ్మకు చదువు రాదు. పేరు ఎక్కడుందో చూపించమంది, చూపించాను. అందులో 'ఫాతిమా' అనే మూడు అక్షరాల కింద గోటితో గీత గీసుకుంది. మర్నాడు పొద్దున పలక తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. 'ఫా' రాయడానికే ఆవిడకు నాలుగు రోజులు పట్టింది. 'తి', 'మా' ఒక్క పూటలో వచ్చేశాయి.

ఆ పలక ఇంకా నా దగ్గరే ఉంది. చూడాలనుంటే ఇంటికి రండి.

ఇట్లు,
మీ జేజి