ఏజెన్సీ అన్న మాట వెనక

పాలకొండలో సీతంపేట బస్సు కోసం నిలబడితే "ఏజెన్సీకా?" అని అడుగుతారు. కొండకు మారుపేరులా వాడేస్తాం గానీ, ఆ మాట పుట్టింది ఒక చట్టంలో. 1830ల మొదట్లో పర్లాకిమిడి ప్రాంతంలో తిరుగుబాట్లు లేచాయి. సంగతి చూడడానికి వచ్చిన జార్జ్ రస్సెల్ అనే కంపెనీ అధికారి, మామూలు కోర్టుల పద్ధతి ఈ కొండల్లో పనికిరాదని తేల్చాడు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను ఆ కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్‌నే గవర్నర్ ఏజెంటుగా కూర్చోబెట్టారు. ఏజెంటు ఏలుబడి కాబట్టి ఏజెన్సీ.

గిరిజనుల భూమి బయటివాళ్ల చేతుల్లోకి జారిపోకుండా 1917లో ఒక చట్టం, 1959లో ఇంకో రెగ్యులేషన్ వచ్చాయి. కాగితం ఒక దారి, షావుకారు అప్పు ఇంకో దారి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం నడుస్తుండగానే 1970 సవరణ వచ్చింది. 1970లో ఒకటో రెగ్యులేషన్ కాబట్టి ఊళ్లలో దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని ఆ చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే.

డిగ్రీ, లా చదివే సవర, జాతాపు తెగల పిల్లలు కొందరు ఇప్పుడు పాత ఇంగ్లీషు పుస్తకాలు వెతుక్కుంటున్నారంటే కారణం ఇలాంటి కాగితాలే. నాకు తెలిసిన ఒక కుర్రాడి దగ్గర దక్షిణాది కులాలు, తెగల మీద థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన 1909లో వేసిన ఏడు సంపుటాల్లోంచి జాతాపుల పేజీల జిరాక్స్ ఉంది. 1901 జనాభా లెక్కల మాట అందులో ఎత్తి రాశారు: జాతాపులంటే నాగరికత అబ్బిన ఖోండులట, ఖోండులంటే ఇంకో కొండ తెగ. 'నాగరికత' దగ్గర పెన్సిల్ గీత, పక్కనే "ఎవరు చెప్పారు?" అని.

ఆ గీత ఊరికే గీసింది కాదు. కుల ధ్రువీకరణ మీద అనుమానం వస్తే దేవుళ్లేమిటి, పెళ్లెలా చేస్తారు, శవాన్ని ఏం చేస్తారు అన్నీ విచారించాలని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆ ఆచారాలు ఎక్కడ రాసి ఉన్నాయి? చాలావరకు ఈ పుస్తకాల్లోనే. తాత చేసిన పండగ మనవడు చెయ్యకపోతే వాడు సవర కాకుండా పోతాడా? అదొక్కటే గీటురాయి కాకూడదని 2011లో అదే కోర్టు అంది. అయినా విచారణకు పిలుపొస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే.

అన్నీ ఒక గాటన కట్టలేం. వాడుక భాష గొడవతో మనం గుర్తుపెట్టుకున్న గిడుగు రామమూర్తి ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు, 1931లో వ్యాకరణం వేశారు. జనాన్ని కొలవడానికి కాదు, వాళ్ల మాట వినడానికి కూర్చున్న మనిషి. ఆ పుస్తకమూ ఇంగ్లీషులోనే ఉంది, అది వేరే సంగతి.

ఆ కుర్రాడి సంచిలో 1970 రెగ్యులేషన్ జిరాక్స్ కూడా ఉంది. దాని అంచున ప్రశ్నలేం లేవు. తాత పేరు, కింద సర్వే నంబరు రాసుకున్నాడు.