గోడమీది బొమ్మల పట్టీ

తిరుపతి

పిలకాయలకు తాత ఆశీస్సులు.

మొన్నటి కార్తీకమాసం వానకు ఆటల పీరియడ్ తీసేస్తే, మీ తరగతిలో పిల్లోడు చెవులు మూసుకుని నేలమీద పడి ఏడ్చాడని రాశారు. ఏ పని తర్వాత ఏ పనో వరుసగా చూపే ఆ బొమ్మల పట్టీ గోడమీద వాడికొక్కడికే ఎందుకని అడిగారు.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. 1944లో ఘాట్ రోడ్డు పడకముందు జనం నడిచో డోలీలోనో పోవాల్సిందే. అన్ని మెట్లు ఎవరు లెక్కపెడతారు? గాలిగోపురం కనబడితే కాస్త ధైర్యం, ఆ తర్వాత ఏడోమైలు ఆంజనేయస్వామి, ఆపైన మోకాళ్ల మిట్ట. ఆ గురుతులేవీ తెలియకుండా ఎక్కమంటే ఎట్లుంటుంది? ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు బడిరోజు అట్లే ఉంటుంది. టీచర్ చెప్పిన మాట చెప్పగానే అయిపోతుంది. బొమ్మ గోడమీదే ఉంటుంది, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

పట్టీకి కావలసింది అట్టముక్క, వెల్‌క్రో, అరచేతిలో పట్టే బొమ్మలు. కొత్తలో రెండే బొమ్మలు: ముందు లెక్కలు, తర్వాత ఉయ్యాల. అది పట్టుబడ్డాక మూడు, నాలుగు. ఒకేసారి పది అంటిస్తే అలిపిరిలోనే కొండంతా చూపించి భయపెట్టినట్టు. బొమ్మ అర్థంకాని బిడ్డకు వస్తువే ఇవ్వాలి, అన్నానికి కంచం, ఆటకు బంతి. పట్టీ వాడి కంటి ఎత్తులో ఉండాలి. పని కాగానే వాడే బొమ్మ పీకి, కింద "అయిపోయింది" అని రాసిన జేబులో వేస్తాడు. టీచర్ మాటలు తగ్గించి, వెనకనుంచి చెయ్యి సాయం చేస్తారు, రానురానూ అదీ మానేస్తారు.

మరి వానరోజు ఏం తప్పింది? మైదానం బొమ్మ గోడమీదే ఉంది, మిమ్మల్ని మాత్రం గదిలో కూర్చోబెట్టారు. గాలిగోపురం ఉండాల్సిన చోట లేకపోతే మీరూ బెదిరిపోరూ! వాడి కళ్లముందే ఆ బొమ్మ తీసి, "మార్పు" కార్డు పెట్టి, పక్కన గదిలో ఆడే ఆట బొమ్మ అంటించాలి. ఆ కార్డును మంచిరోజుల్లోనే అలవాటు చెయ్యాలి, లెక్కలకు బదులు బుడగలు ఊదడం లాంటి ఇష్టమైన మార్పుతో. మొదటిసారే ఏడిపించే మార్పుకు వాడితే, కార్డు కనబడగానే ఏడుపొస్తుంది.

అల్లరి చేశాడని ఆటబొమ్మ పీకెయ్యడం పెద్ద తప్పు. వాడు పట్టీనే నమ్మడు. నేర్చుకున్నాడు కదా అని పట్టీ తీసెయ్యడమూ తప్పే. టైంటేబుల్ మీకు నోటికి వచ్చిందని మీ టీచర్ గోడమీదిది చించేశారా?

రేపు ఒక పక్కగా నిలబడి, బొమ్మ జేబులో వేశాక వాడి చూపు తర్వాతి బొమ్మమీదికి ఎట్లా పోతుందో చూడండి. బొమ్మలు మాత్రం ముట్టుకోవద్దు. ఆటకు పిలవాలంటే బంతి చూపించి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి.

ఇట్లు,
మీ తాత