మోగని అలారానికి పూచీ ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అగ్నిప్రమాదం అనగానే ఇప్పటికీ కళ్లముందు మెదిలేది వేసవిలో తగలబడే పూరిళ్ల వరుసే. పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ ఒక కప్పుకు అంటుకుంటే గాలివాటుకు పదిళ్లు బూడిదవుతాయి, కుటుంబాలు కట్టుబట్టలతో వీధిన పడతాయి, రెవెన్యూ సిబ్బంది వచ్చి పంచనామా రాస్తారు, బియ్యమో కొంత నగదో చేతికందుతుంది. అగ్నిప్రమాదంలో పోయినదానికి సాయం అందుతుందే తప్ప, దాన్ని ఒకరి మీద హక్కుగా వసూలు చేసుకోవచ్చన్న ఊహ ఈ అలవాటులో ఎక్కడా లేదు. లాడ్జీల, నర్సింగ్‌హోముల, కల్యాణ మండపాల కప్పులకు పొగ అలారాలు వచ్చి చేరిన తరువాత కూడా, అవి మోగక మనుషులు కాలిపోతే తయారీదారును నిలదీయవచ్చన్న సంగతి చాలామందికి తట్టకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

పరికరం పుట్టుకే ఒక విచిత్రం. 1930లలో స్విట్జర్లాండ్ భౌతికశాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే సాధనం కోసం ప్రయత్నించి విఫలుడయ్యాడు. విసుగుతో సిగరెట్ వెలిగించగా, వాయువుకు కదలని మీటరు ముల్లు ఆ పొగకు కదిలిందట. పొగ చేరితే లోపలి విద్యుత్ ప్రవాహం మారుతుందన్న ఆ సూత్రం మీద నడిచే ‘అయనీకరణ’ రకం అలారంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి స్వల్పంగా ఉంటుంది కనుక, మన దేశంలో వీటికి అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదం కావాలి. భగ్గున లేచే మంటను ఈ రకం త్వరగా గుర్తిస్తుంది. మంట కనబడకుండా లోలోపల రాజుకునే నిప్పును మాత్రం కాంతి ఆధారంగా పనిచేసే రెండో రకమే ముందు పట్టుకుంటుంది. గోగునార కట్టలు నిల్వచేసే గోదాములో నిప్పు గంటల తరబడి నివురుగప్పి ఉంటుంది కనుక, నెల్లిమర్ల వంటి జూట్ మిల్లుల ఊళ్లలో ఈ తేడాకు ప్రాణం ఖరీదుంటుంది. అమెరికా కోర్టుల్లో నడిచిన అలారం వ్యాజ్యాల్లో అనేకం ఈ తేడా చుట్టూనే తిరిగాయి. ఇలా రాజుకునే నిప్పుకు మొదటి రకం ఆలస్యంగా మోగుతుందని తెలిసీ కొనేవాళ్లను హెచ్చరించలేదన్నదే వాటిలో ప్రధానమైన ఆరోపణ.

మన దగ్గర అలారం ఇంటి అవసరంగా కాక అనుమతి షరతుగా వచ్చింది. జాతీయ భవన నియమావళి 1970లో వెలువడి, 2005లోనూ 2016లోనూ విస్తృతంగా మారింది. పొగను గుర్తించే వ్యవస్థను ఎక్కడ, ఎలా అమర్చాలో, ఎలా నిర్వహించాలో ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం ఎత్తైన భవనాలకూ జనం గుమిగూడే కట్టడాలకూ అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రాన్ని (ఎన్‌వోసీ) తప్పనిసరి చేసింది. ఫలితంగా అలారం ‘ఎన్‌వోసీ కోసం పెట్టించే’ వస్తువైపోయింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక లాడ్జిలో నేను దిగిన గదిలో, కప్పుకు బిగించిన తెల్లటి అలారం బిళ్లకు, దుమ్ము పడకుండా కంపెనీ తొడిగి పంపే ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. ఆ మూత అంచు మీదుగా గోడల రంగు కూడా పూశారు. చిన్న ఎర్రదీపం మాత్రం క్రమం తప్పకుండా మిణుకుమంటోంది. ఆ మూత ఉన్నంతసేపూ గదినిండా పొగ కమ్మినా లోపలికి చేరదు. కుర్రవాణ్ణి పిలిచి అడిగితే, ‘తీసేస్తే ఊరికే కూస్తోందండీ’ అన్నాడు. సముద్రపు తేమ, దుమ్ము, లోపల దూరే చిన్న పురుగులు ఇలాంటి దొంగకూతలకు నిజంగానే కారణమవుతాయి కనుక అతని మాటను కొట్టిపారెయ్యలేను. అయితే ఆ గదిలో ఎవరైనా గాయపడితే లోపం పరికరానిదా, నిర్వహణదా అన్న ప్రశ్నకు ఆ మూత ఒక్కటే సగం జవాబు చెబుతుంది.

చట్టం నడిచిన దారి ఇంకా నెమ్మదైనది. అగ్నిప్రమాదంలో మరణించినవారి కుటుంబానికి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం, గాయపడినవారికి సివిల్ దావా చాలాకాలం దిక్కుగా ఉన్నాయి. 1930 నాటి సరకుల విక్రయ చట్టం కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య ఒప్పందాన్నే చూస్తుంది కనుక గదిలో బసచేసిన మూడో మనిషికి దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది ఊపిరాడక మరణించిన దుర్ఘటన ఈ చరిత్రలో మలుపు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ పైకి ఎగబాకుతున్నా బాల్కనీలోని ప్రేక్షకులకు హెచ్చరిక అందలేదు. 2003లో ఢిల్లీ హైకోర్టు నిర్ణయించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2011లో బాగా తగ్గించి, మృతుల కుటుంబాలకు వయసును బట్టి 10 లక్షలు, 7.5 లక్షలుగానూ, గాయపడినవారికి లక్ష చొప్పునా స్థిరపరిచింది. బాధ్యతను యాజమాన్యానికి 85 శాతం, విద్యుత్ బోర్డుకు 15 శాతంగా పంచి, లైసెన్సులిచ్చిన అధికారులను పరిహార భారం నుంచి తప్పించింది. అనుమతి పత్రం ఇచ్చినవారి మీద దావా వేయాలనుకునే వారు మొదట చదవవలసిన తీర్పు ఇది.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక దారి కొంత సుగమమైనా, దూరం తగ్గలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం విచారించగలిగే కేసు విలువ మొదట లక్ష రూపాయలు, 1993 సవరణతో 5 లక్షలు, 2002 సవరణతో 20 లక్షలు. ఆ లెక్కలో వస్తువు ధరతోపాటు అడిగిన పరిహారమూ కలిసేది. తీవ్రంగా కాలిన మనిషి విశాఖ కేజీహెచ్‌లో నెలల తరబడి చికిత్స పొంది, 20 లక్షలకు మించి అడగదలిస్తే, ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్ గడప తొక్కవలసిందే. ఇచ్ఛాపురం నుంచి అది ఎంత ప్రయాణమో చెప్పనక్కరలేదు.

2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ఈ లెక్కను తిరగేసింది. ఇప్పుడు పరిధిని నిర్ణయించేది చెల్లించిన ధర మాత్రమే, జిల్లా కమిషన్‌కు అది 50 లక్షల వరకు. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది కూడా. వెయ్యి రూపాయల అలారం వల్ల కోటి రూపాయల నష్టం జరిగిందన్నా ఫిర్యాదు బాధితుడు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. అంతకంటే ముఖ్యంగా, ‘ఉత్పత్తి బాధ్యత’ అనే అధ్యాయం మొదటిసారి చట్టంలోకి వచ్చింది. తయారీ లోపం, రూపకల్పన లోపం, సరైన సూచనలు, హెచ్చరికలు లేకపోవడం తయారీదారు బాధ్యతకు ఆధారాలయ్యాయి. తయారీదారు ఎవరో తెలియని పక్షంలో అమ్మినవాడే జవాబు చెప్పాలి. ఊరూపేరూ లేని అలారాలు అమ్మే దుకాణాలకు ఈ నిబంధన సూటిగా తగులుతుంది.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. గ్యాస్ సిలిండర్ పేలితే అదే నిప్పుకు కారణం. అలారం నిప్పు పెట్టదు, కేవలం మూగబోతుంది. అది సకాలంలో మోగి ఉంటే ఈ మనిషి ఇంతగా కాలేవాడు కాదని ఫిర్యాదుదారే చూపించాలి. మన పోలీసు పంచనామాలు, అగ్నిమాపక నివేదికలు ‘షార్ట్ సర్క్యూట్’ అన్న మాటతో ముగిసిపోవడం మామూలు, అలారం ఊసు అరుదు. కమిషన్ పరికరాన్ని ప్రయోగశాలకు పంపించగలదు, కానీ శిథిలాలు ఎత్తేసినప్పుడు ఆ బిళ్ల పాతసామాను బండిలోకి పోతే పంపడానికి మిగిలేదేమీ ఉండదు. ఫిర్యాదు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు ఒక పక్క నడుస్తూనే ఉంటుంది, చర్మం అతికించే శస్త్రచికిత్సలతోనే అందులో చాలాకాలం గడిచిపోతుంది.

పలాస జీడిపప్పు బట్టీల్లాంటి చోట పనిచేసే కార్మికులకు మరో తలుపు కూడా సగం మూసే ఉంది. యజమాని పని స్థలం కోసం కొన్న వస్తువు విషయంలో, తయారీదారు ఆ యజమానికి హెచ్చరికలు, సూచనలు ఇచ్చి ఉంటే, హెచ్చరించలేదన్న ఆరోపణ మీద ఆ తయారీదారును బాధ్యుణ్ణి చేయలేమని 2019 చట్టంలోని 87వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు ఆ కార్మికురాలు ఉద్యోగుల నష్టపరిహారం దారిలో యజమాని వైపే తిరగాలి. అలారంతోపాటు వచ్చిన సూచనల పుస్తకం ఇంగ్లీషులో ఉండి, మేనేజర్ గది బీరువా దాటి బయటికి రాకపోయినా, ఆ సెక్షన్ దృష్టిలో హెచ్చరిక అందవలసినవారికి అందినట్టే.