తెల్లవారుజామున వేసుకునే మాత్ర

అయిదింటికి అలారం మోగుతుంది. మంచం పక్కనే పెట్టుకున్న మాత్రను గుక్కెడు నీళ్లతో మింగి మళ్లీ నడుం వాల్చాలి. అది ఒంటికి పట్టేదాకా లేచి నిలబడే ఓపిక ఉండదు. అడిసన్ జబ్బు ఉన్నవారిలో ఎందరికో రోజు ఇలాగే మొదలవుతుంది.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే వచ్చే జబ్బు ఇది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో దీని గురించి రాశారు. ఆయన చూసిన రోగుల్లో పలువురి గ్రంథులను పాడుచేసింది క్షయ. మన దేశంలో నేటికీ అదొక ముఖ్య కారణమే. బరువు తగ్గడం, కళ్లు తిరగడం, ఉప్పు మీదికి మనసు పోవడం దీని లక్షణాలు. ‘ఎండలో తిరిగి నల్లబడ్డావు’ అని ఇంట్లోవాళ్లు అంటూ ఉండగానే నెలలు గడిచిపోతాయి. కానీ అరచేతి గీతలనూ చిగుళ్లనూ ఎండ నల్లబరచదు.

ఈ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోనుకు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర ప్రాణం నిలబెడుతుంది. అయినా మందు సరిగ్గా వాడుతున్నవారే ‘ఓపిక లేదు’ అంటుంటారు. అది బద్ధకం కాదు, మనోభ్రమ అంతకన్నా కాదు. ఆరోగ్యవంతుల ఒంట్లో కార్టిసాల్ నిద్రలో ఉండగానే పెరగడం మొదలై, మెలకువ వచ్చే వేళకు శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అట్టడుగుకు దిగుతుంది. మాత్ర ఆ లయను పూర్తిగా పట్టుకోలేదు. రక్తంలో చేరిన మందు గంటన్నరలో సగమైపోతుంది. అందుకే పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములను రెండు మూడు విడతలుగా, పొద్దున్నే ఎక్కువ వచ్చేలా ఇస్తారు. ప్రతి విడతకూ ఒక ఎత్తు, ఒక పల్లం తప్పవు.

కాబట్టి చికిత్సలో ఉన్నవారికి ఒక్కసారి చేసిన కార్టిసాల్ పరీక్ష పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆ అంకె మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. రోగి చెప్పే గంటే నాకు విలువైనదనిపిస్తుంది: ‘మధ్యాహ్నం మూడు కాగానే కాళ్లు లాగేస్తాయి, రెండో మాత్రతో తేరుకుంటాను.’ ఈ మాట వింటే వైద్యులు వేళ మార్చి చూడగలరు. మోతాదు ఊరికే పెంచితే ఎముకలు గుల్లబారతాయి, బరువూ చక్కెరా పెరుగుతాయి.

జ్వరం వస్తే మాత్రం లెక్క వేరు. వైద్యులు ముందే చెప్పినట్టు మోతాదు రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులైతే మాత్ర కడుపులో నిలవదు, వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలి. అందుకే ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఉండాలి, దాన్ని వేయడం ఇంట్లో ఒకరికైనా వచ్చి ఉండాలి.